ఒకటి చుక్క ఏడు

పన్నెండు కంటే ఏడు చిన్నది. ఇది నేను ఒకటో తరగతిలో నేర్చుకున్నాను. యాభై మూడేళ్ల వయసులో కుప్పంలో ఒక గుమాస్తా అది తప్పన్నాడు. నా కోడె దగ్గరికి వచ్చేసరికి ఏడే పెద్దదన్నాడు. మనిషి మర్యాదస్తుడే, కసరలేదు. అందుకే ఇంకా తికమక పడ్డాను. కసిరి ఉంటే తప్పు వాడిదేనని తేల్చుకుని వచ్చేవాణ్ణి.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా భార్య చెంగమ్మ పుట్టిల్లు పుంగనూరు పక్క పల్లె. పెళ్లయి మా ఇంటికి వచ్చేటప్పుడు ఒక పుంగనూరు పొట్టి ఆవును వెంట తోలుకొచ్చింది. ఆడబిడ్డకు ఆవునిచ్చి పంపడం ఆ ఇంటి వాడుక. ఆ ఆవు బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు మా కొట్టంలో పెరిగాయి. కోడెదూడ పుడితే రెండేళ్లు నిండాక వట్టలు నొక్కి విత్తు కొట్టించి, ఎద్దును చేసి కాడికి కట్టేవాళ్లం. అందరూ చేసేదే. విత్తు కొట్టకుండా వదిలితే అది ఊరి మీద పడి తిరుగుతుంది, సేద్యానికి పనికిరాదు.

1980లో పుట్టిన దూడ సంగతి వేరు. ఈనిన వారానికే తల్లికి పొదుగు వాపు వచ్చి పాలు ఎండిపోయాయి. చెంగమ్మ పక్కింటి మేకపాలు తెచ్చి, తన వేలు దూడ నోట్లో పెట్టి, చెంబుతో తాపి బతికించింది. బుడ్డోడు అని పేరు పెట్టింది. బుడ్డోడికి ఆరు నెలలు వచ్చేసరికి ఆమె మంచాన పడింది. మదనపల్లెలో ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ నాలుగో రోజు, మాట సరిగా రాని స్థితిలో, "దీన్ని మాత్రం కొట్టించొద్దు. దీని బీజం నిలబడల్ల" అంది. ఆసుపత్రిలో పడుకుని దూడ గురించి మాట్లాడే ఆడది. సరే అన్నాను. ఆమె నన్ను అడిగినవి తక్కువ.

ఆమె తమ్ముడు రెడ్డెప్పకు మదనపల్లెలోనే బట్టల అంగడి. ఆసుపత్రి నుంచి నడిచిపోయే దూరం. ఆమె ఆ మాటన్న రోజే వాడికి కబురు పెట్టాను. అప్పుడు దసరా బేరాలు. రేపు వస్తా, రేపు వస్తా అని రెండు రోజులు కబురు పంపాడు. మూడో రోజు వచ్చాడు. అప్పటికి మేము ఆమె శవాన్ని బండికెక్కిస్తున్నాం. ఆ రోజు నుంచి వాడితో నేను మాట్లాడలేదు. వాడు పలకరిస్తే పక్కవాడితో జవాబు చెప్పించేవాణ్ణి. పక్కవాడు లేకపోతే ఊరికే ఉండేవాణ్ణి.

1983 వేసవిలో పొట్టి జాతి పథకం అని ఒకటి వచ్చింది. ఆవులకు సూదితో జెర్సీ చూలు కట్టించడం కోసం ఊళ్లలోని నాటు కోడెలన్నింటికీ విత్తు కొట్టేస్తారట. ఒప్పుకోకపోతే పంచాయతీ వాళ్లే పట్టించి కొట్టిస్తారు, తీర్మానం కూడా అయింది. అయితే పుంగనూరు పొట్టి జాతి అంతరించిపోతోంది కాబట్టి తాలూకాకు ఒక్క కోడెను మాత్రం వదిలేస్తారు. దానికి చెవిబిళ్ళ వేసి, కుప్పం దగ్గర పథకం వాళ్ల కొట్టంలో ఏడాది ఉంచుకుని, తిరిగి యజమానికి ఇస్తారు. ఎత్తు మూపురం దగ్గర 1.15 మీటర్లు మించకూడదు. మించని వాటిలో అన్నిటికంటే పొట్టిదాన్ని ఎంచుతారు.

తాలూకాలో నా బుడ్డోడి కంటే పొట్టిది ఎక్కడుంది? చెంగమ్మకిచ్చిన మాట నిలబెట్టే దారి సర్కారే చూపించిందనుకున్నాను.

మదనపల్లె పోయి టైలర్లు వాడే టేపు కొన్నాను. ఒక పక్క అంగుళాలు, ఒక పక్క సెంటీమీటర్లు. బుడ్డోణ్ణి చదును నేల మీద నిలబెట్టి మూడు సార్లు కొలిచాను. మూడు సార్లూ నూట ఏడు సెంటీమీటర్లే వచ్చింది. నూరు సెంటీమీటర్లు ఒక మీటరు. ఆ మాత్రం నాకు తెలుసు. కాబట్టి ఒక మీటరు ఏడు సెంటీమీటర్లు.

పథకానికి నింపి ఇవ్వాల్సిన కాగితంలో 'ఎత్తు, మీటర్లలో' అని గడి ఉంది. అందులో 1.7 అని రాశాను.

మా అయ్యవారు మాకు నేర్పింది అదే. ఐదు అడుగుల ఏడు అంగుళాలంటే 5.7. ఐదు అడుగుల పది అంగుళాలంటే 5.10. పెద్ద కొలత ముందు, తర్వాత చుక్క, తర్వాత చిన్న కొలత. 5.10 ఉన్నవాడు 5.7 ఉన్నవాడి కంటే పొడుగు. పోలీసు సెలక్షనుకు పోయే పిల్లలు కూడా ఇట్లాగే చెప్పుకునేవాళ్లు. మీటరు వచ్చినంత మాత్రాన చుక్క మారుతుందని ఎవరూ నాకు చెప్పలేదు.

కాగితం ఇవ్వడానికి పుంగనూరులో పశువుల కాంపౌండరు మునిరత్నం ఇంటికి పోయాను. అరుగు మీద రెడ్డెప్ప కూర్చుని ఉన్నాడు. మదనపల్లెలో అంగడి పెట్టినా పల్లెలో వాడికి ఇంకా పశువులున్నాయి. వాడి కోడె కూడా మా ఆవు వంశందే. ఎత్తు 1.12 అని రాసి తెచ్చాడు. నూటపన్నెండు సెంటీమీటర్లు. నా దానికంటే ఐదు ఎక్కువ. మనసులో నవ్వుకున్నాను.

"కూచో బావా" అన్నాడు.

"మునిరత్నం, నేను నిలబడే ఉంటానని ఆయప్పకు సెప్పు" అన్నాను.

మునిరత్నం తల పట్టుకున్నాడు. "నిలబడే ఉంటాడంట రెడ్డెప్పా. మీ ఇద్దరి నడాన నేనేమన్నా పోస్టుమేన్నా? పశువులకు సూది ఏసేదానికి జీతమిస్తాండారు నాకు, జాబులు మోసేదానికి కాదు."

నేను కాగితం చాపాను. మధ్యలో రెడ్డెప్ప మెడ చాచి చూశాడు. బట్టలంగడి వాడు, అంకె కనబడితే కన్ను ఆగదు.

"బావా, ఇందులో సున్నా ఒకటి తక్కువయ్యుండాది. అది..."

కాగితం వెనక్కి లాక్కున్నాను. మునిరత్నం చేతిలో పెట్టాను.

"నా కాగితంలో ఆయప్ప కన్ను యాల పెడతాండాడో అడుగు. సున్నాకు ఇలవేముండాది? అంకె పొడుగైతే కోడె గూడా పొడుగని రాసుకుంటారు. ఆయప్ప కోడె గెలవల్లంటే నాది ఓడల్ల గదా."

"అది కాదు బావా, నీ మంచికే సెప్తాండా."

"నా మంచి మూడేళ్ల కింద దసరాకు సెప్పాల్సింది, ఆయప్పకు సెప్పు."

మునిరత్నం ఆ మాట మోయలేదు. రెడ్డెప్ప లేచి వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను.

మూడు వారాలకు లిస్టు వచ్చింది. పుంగనూరు తాలూకాలో పద్నాలుగు కోడెలు. మొదటిది రెడ్డెప్పది. నాది పద్నాలుగోది.

"పద్నాలుగు అంటే?" అన్నాను.

"ఆఖరు" అన్నాడు మునిరత్నం. "పొడుగు ఎక్కువంట. నాకేమీ తెలియదప్పా, వాళ్లు పంపించింది సదివినా. క్యాంపు వచ్చే శుక్రవారం. కోడెను తోలుకొని రా."

ఏడు సెంటీమీటర్ల వాడు ఆఖరా? పన్నెండు సెంటీమీటర్ల వాడు మొదలా? బట్టలంగడి వాడు ఏదో చేశాడు. అంతకు మించి నాకు తోచలేదు.

మర్నాడు తెల్లవారి బస్సుకు కుప్పం బయలుదేరాను. పలమనేరులో బస్సు మారాను. వి.కోటలో టైరు పంక్చరైంది. కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పథకం ఆఫీసు రైలు స్టేషను దాటి ఒక అద్దె ఇంట్లో ఉంది. అక్కడి గుమాస్తా పేరు వెంకటేశులు. కుర్చీ చూపించాడు. నీళ్లు తాగమన్నాడు. లిస్టు తీసి నా ముందు పెట్టాడు.

"సూడు పెద్దాయనా. నీ కోడె 1700. రెడ్డెప్ప కోడె 1120. పొట్టిది ఏది? ఆయనదే గదా."

"పదిహేడొందలు ఏంది?"

"మిల్లీమీటర్లు."

"నేను మీటర్లు రాసిస్తి. మీరు మిల్లీమీటర్లు యాల చేస్తిరి?"

"మాకు పైనుంచి అడిగింది మిల్లీమీటర్లలో. అందరివీ మార్చి రాసినాము."

"మార్చేటప్పుడే తప్పు పోయుండాది. నాది ఏడు. ఆయనది పన్నెండు. ఏడు పెద్దదా, పన్నెండు పెద్దదా?"

"ఈడ ఏడే పెద్దది."

నేను వాడి ముఖం చూశాను. ఎగతాళి లేదు. గుమాస్తాలు సాయంత్రం అలసిపోయినప్పుడు ఎట్లా ఉంటారో అట్లా ఉన్నాడు, మధ్యాహ్నమే.

"అప్పా, నేను ఐదో తరగతి సదివినా. కొంచెం నిదానంగా సెప్పు. ఆయప్ప పన్నెండును మీరు ఏం చేస్తిరి?"

"నూటిరవై చేసినాము."

"అంటే పదితో పెంచితిరి. నా ఏడును?"

"ఏడొందలు."

"దాన్ని నూరుతో పెంచితిరి. ఒకరికి పది, ఒకరికి నూరా? ఇది న్యాయమేనా?"

 వెంకటేశులు పెన్సిలు తీసుకుని, "చుక్కకు ఎనకాల తొలి గడి పదో వంతు, రెండో గడి నూరో వంతు, మూడోది వెయ్యో వంతు" అని ఏవో గీతలు గీశాడు. నాకు గళ్లు కనబడలేదు. నా దాంట్లో ఒక అంకె, వాడి దాంట్లో రెండంకెలు, అంతే కనబడింది. ఒక అంకె ఉన్నది రెండంకెలు ఉన్నదాని కంటే చిన్నది కాకపోతే, నేను చదివిన చదువంతా ఏమైపోయినట్టు? బయట ఇంకో ఐదుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు తమిళంలో ఏదో అన్నాడు, మిగతావాళ్లు నవ్వారు. నా గురించో కాదో తెలియదు. నా గురించే అనుకున్నాను.

"పెద్దాయనా, నీ అసలు కాగితం ఇదిగో" అన్నాడు వెంకటేశులు. "నీ చేతి రాతే గదా? తప్పుంటే నువ్వే దిద్ది సంతకం పెట్టి ఇయ్యి. క్యాంపుకు ముందే పుంగనూరుకు పంపిస్తా. అయితే మీటర్లలోనే రాయల్ల, గడి అట్లే ఉండాది."

కాగితం తీసుకుని బయట వేపచెట్టు కింద కూర్చున్నాను. జేబులో టేపు ఉంది. తీసి చూశాను. ఒక్కో సెంటీమీటరులో సన్న గీతలు పది. అవే మిల్లీమీటర్లు. వీళ్లకు కావలసింది మిల్లీమీటర్లు కదా. నా ఏడు సెంటీమీటర్లలో సన్న గీతలు ఎన్ని? ఒక్కొక్కటే లెక్కపెట్టాను. డెబ్బై. అంటే నా కోడె ఎత్తు ఒక మీటరు డెబ్బై మిల్లీమీటర్లు.

ఇప్పుడు అర్థమైంది అనుకున్నాను. నేను సెంటీమీటర్లలో రాశాను, వీళ్లు మిల్లీమీటర్లుగా చదివారు. అందుకే గొడవ. ఏడును డెబ్బై చేస్తే సరిపోతుంది. రెడ్డెప్ప చెప్పిన సున్నా కూడా ఇదే అయి ఉంటుంది.  వాడు చెప్పాడని కాదు, గీతలు లెక్కపెట్టి నేనే కనుక్కున్నాను అని మనసుకు చెప్పుకున్నాను. పెన్ను అడిగి తీసుకుని ఏడు పక్కన సున్నా పెట్టాను. 1.70. కింద సంతకం పెట్టాను.

వెంకటేశులు చూశాడు. "పాతదానికీ దీనికీ తేడా లేదే?"

"ఉండాది. సున్నా."

"ఇదే నీ కొలతా?"

"ఇదే. మూడు సార్లు కొలిచినా."

"సరే" అన్నాడు. కాగితం ఫైలులో పెట్టుకున్నాడు.

సరే అన్నాడు. వచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. నిలబడే వచ్చాను. కాళ్లు నొప్పి పుట్టలేదు.

శుక్రవారం బుడ్డోణ్ణి కడిగి, కొమ్ములకు నూనె రాసి, ఎండ ఎక్కకముందే పుంగనూరు సంత మైదానానికి తోలుకుపోయాను. నలభై మంది దాకా ఉన్నారు. కోడెలు వరసగా కట్టేసి ఉన్నాయి. ఒక చివర షామియానా, దాని కింద డాక్టరు. ఇంకో చివర కుప్పం పోయే లారీ. లారీ దగ్గర రెడ్డెప్ప, వాడి కోడె. నేను అటు చూడలేదు.

మునిరత్నం లిస్టు పట్టుకుని ఎదురొచ్చాడు. "కదిరప్పా, వరసలో కట్టు."

"వరస యాల? నాది బిళ్ళకు."

"బిళ్ళ ఒక్కటే. రెడ్డెప్ప దానికి."

"కుప్పం పోయి సరిచేసి వస్తినే."

కాగితాలు తిరగేశాడు. "ఔను, దిద్దిండావు. ఒకటి చుక్క డెబ్బై. సంతకం గూడా ఉండాది. అయితే ఎత్తు మారలేదు."

"సున్నా ఉండాదా లేదా?"

"ఉండాది."

"మరింకేం గావల్ల మీకు?"

మునిరత్నం కాగితం చూశాడు, బుడ్డోణ్ణి చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "కాగితం సూస్తే ఇది నా నెత్తి కాడికి రావల్ల. ఈడ సూస్తే నా రొమ్ము కాడికి గూడా రాలేదు. ఏందప్పా ఇది? కాగితానికి కోడె పుట్టలేదా, కోడెకు కాగితం పుట్టలేదా?" పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "ఉండు, కొలకర్ర తెప్పించి సూస్తాము."

చూడు అనబోయాను. నోరు తెరిచాను కూడా.

వెనక నుంచి రెడ్డెప్ప గొంతు వినబడింది. "కొలవండి సార్! మా బావ సున్నా తప్పు జాగాలో పెట్టినాడు. ఆయన కోడె నా దానికంటే పొట్టిది. కావల్లంటే నా దాన్ని లారీలో నుంచి దించుకుంటా, దీన్ని ఎక్కించండి."

నలభై మందీ నా వైపు తిరిగారు.

మొదట సున్నా లేదన్నాడు. సున్నా పెడితే తప్పు జాగా అన్నాడు. సున్నాకు జాగా ఏమిటి? ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నాకు తల తిరిగింది. కొలిచింది నూటేడు, రాసింది ఏడు, వాళ్లు చదివింది ఏడొందలు, నేను దిద్దింది డెబ్బై, వాళ్లు చదివింది మళ్లీ ఏడొందలు. ఏమో, బుడ్డోడు నిజంగానే పొడుగేమో, ఈ కొత్త కొలతల్లో పొట్టివాటిని పొడుగంటారేమో అని కూడా ఒక క్షణం అనిపించింది. అన్నిటికంటే మించి, వాడు దించుకుంటాననడం. అక్క కోసం అంగడి మూయనివాడు, అందరి ముందు నాకు కోడె దానం చేస్తున్నాడు.

"మునిరత్నం, ఆయప్ప మాట మీద కొలిచే పనైతే కొలవద్దు" అన్నాను. "నేను రాసింది నేను రాసినా. సంతకం పెట్టిండాను. కాగితంలో ఎట్లుంటే అట్ల సెయ్యి."

"కోపంలో ఉండావు కదిరప్పా. కాసేపు నీడలో కూచో."

"సెయ్యమంటి గదా."

"బావా, వద్దు" అన్నాడు రెడ్డెప్ప. బాగా దగ్గరికి వచ్చాడు. చెయ్యి నా భుజం మీద పెట్టబోయాడు. నేను తల తిప్పలేదు.

చెంగమ్మ మాట అప్పుడు నీకు గుర్తు లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. గుర్తుండే చేశాను.  

పెద్ద పటకారు తెచ్చారు. నలుగురు పట్టుకుని పడేశారు. పగ్గం నేనే పట్టుకున్నాను. రెండు నొక్కులు. బుడ్డోడు ఒక్కసారి అరిచి ఊరుకుంది. మేకపాలు తాగి పెరిగింది, గొంతు ఎప్పుడూ చిన్నదే.

పని అయిన ప్రతి పశువునూ కొలిచి రిజిస్టరులో ఎక్కించడం డాక్టరు పద్ధతి. బుడ్డోడు లేచి నిలబడ్డాక కొలకర్ర పెట్టారు. డాక్టరు వంగి చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు.

"నూట ఏడు" అన్నాడు. "ఈ రోజు వచ్చిన వాటిలో ఇంత పొట్టిది లేదు. ఇది వరసలోకి ఎట్లా వచ్చింది?"

మునిరత్నం కాగితం ఇచ్చాడు.

"1.70 ఎవరు రాశారు?"

"నేనే. ఒక మీటరు, డెబ్బై మిల్లీమీటర్లు."

డాక్టరు కాగితం వైపు చాలాసేపు చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. "మీ లెక్క సరే" అన్నాడు మెల్లగా. "రాసింది తప్పు. రెండూ కలిపి 1070 మిల్లీమీటర్లు అని రాసినా చాలేది. నూట ఏడు అని ఊరికే పక్కన రాసి ఉన్నా అడిగేవాళ్లు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. "తర్వాతది తీసుకురాండి" అన్నాడు.

లెక్క సరైతే రాసింది తప్పెట్లా అవుతుంది? ఈ మాట డాక్టరును అడగలేకపోయాను. తర్వాతి కోడె అప్పటికే వచ్చేసింది.

బుడ్డోణ్ణి మేకుకు కట్టి లారీ దగ్గరికి నడిచాను. రెడ్డెప్ప కోడె లోపలికి ఎక్కింది, వెనక పలకలు బిగిస్తున్నారు. రెడ్డెప్ప ఒక్కడే పక్కన నిలబడి ఉన్నాడు. ఏడ్చినట్టున్నాడు. ఏడిస్తే ఏడ్చాడు.

"సున్నా యాడ పెట్టాల్సింది?" అన్నాను.

మూడేళ్ల తర్వాత వాడి ముఖం చూసి నేను మాట్లాడిన మొదటి మాట అది. మొదట వాడికి అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే గొంతుక్కూర్చుని, నేల మీద పుల్లతో గీశాడు. ఒకటి. చుక్క. సున్నా. ఏడు.

"చుక్కకూ ఏడుకూ నడాన బావా. ఎనకాల కాదు."

చూశాను. అంత చిన్న తేడా. ఎందుకో అర్థం కాలేదు. వాడు నా ముఖం చూసి ఇంకో దారి పట్టాడు.

"నీ మెట్టచేను ఎంత బావా?"

"రెండెకరాల ఐదు సెంట్లు. నీకు తెలీదా?"

"పట్టాలో ఎట్ల రాసుండారు?"

పట్టా కళ్ల ముందుకు తెచ్చుకున్నాను. పాతికేళ్లుగా పెట్టెలో ఉన్న కాగితం. 2.05. అందులో సున్నా ఉంది. చుక్కకూ ఐదుకూ మధ్యలో ఉంది. ఎన్నిసార్లు చూశానో. రెండెకరాల ఐదు సెంట్లని చదువుకుని మడిచి పెట్టుకున్నాను. ఆ సున్నా ఎందుకుందని ఏనాడూ అడగలేదు.

"సున్నా లేకుంటే అది యాభై సెంట్లు బావా. రెండున్నర ఎకరాలు."

"ఆ పొద్దు మునిరత్నం ఇంటికాడ ఈ మాట యాల సెప్పలేదు?"

"సెప్పబోతి. నువ్వు కాగితం లాక్కుంటివి."

అది నిజమే. 

"ఏడాదికి నా కోడె తిరిగొస్తాది" అన్నాడు. "అక్క ఆవు కాడికి తోలుకొస్తా. అది గూడా మా అమ్మ ఆవు వంశమే గదా. బీజం పోదు బావా."

"వద్దు" అన్నాను.

లారీ కదిలింది. వాడు ఇంకేదో అన్నాడు, చప్పుడులో వినబడలేదు. మళ్లీ చెప్పమనలేదు. బుడ్డోణ్ణి విప్పుకుని ఇంటి దారి పట్టాను. నడవలేక ప్రతి వంద గజాలకూ నిలబడింది. అది నిలబడినప్పుడల్లా నేనూ నిలబడ్డాను.

ఇప్పుడు కూడా ఎవరైనా 1.7, 1.12 పక్కపక్కన రాసి చూపిస్తే నా కన్ను ముందు పన్నెండు మీదికే పోతుంది. తర్వాత పట్టా గుర్తు తెచ్చుకుని సరిదిద్దుకోవాలి. కాసేపు పడుతుంది. కాసేపటికి మళ్లీ జారిపోతుంది.

రెడ్డెప్పతో ఆ తర్వాత మాట్లాడలేదు. చెంగమ్మ ఆవుల్లో మిగిలిన ఒక్కటి, బుడ్డోడి తల్లి, మరుసటేడు కార్తీకంలో చచ్చిపోయింది. బుడ్డోడు సేద్యానికి దిగింది. నెమ్మదైన పశువు, చెప్పినట్టు వింటుంది. అంత పొట్టి ఎద్దు ఇంకొకటి దొరకక జత కుదరలేదు. కలుపు తీసే గుంటక ఒంటరిగా లాగుతుంది.